రికార్డింగ్ లేని రోజుల్లో మనిషి గొంతు ఎలా ఉండేదో తెలుసుకునే దారి ఉందా? (మా ముత్తాత దరువుల పుస్తకం గురించి)

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ముత్తాతగారు తూర్పు భాగవతంలో (మా వైపు పాడుతూ ఆడే నాటకం) సత్యభామ వేషం కట్టేవారు. ఏటికి ఇవతల పాడితే అవతలి ఒడ్డు మీద కాపలా పడుకున్న వాళ్ళకి వినబడేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన దుర్ముఖి సంవత్సరంలో పోయారు, అంటే 1896-97. ఫోటో లేదు. మిగిలిందల్లా ఆయన స్వయంగా రాసుకున్న దరువుల (ఆటలో పాడే పాటల) పుస్తకం ఒక్కటే. చెదలు తిన్నవి పోగా 60 పైచిలుకు కాగితాలున్నాయి.

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు ఫోన్లో ఒక యాప్ చూపించాడు. పోయిన పెద్దల గొంతు తయారుచేసి ఇస్తుందట. ముత్తాత వయసు, ఊరు, వృత్తి రాసి, మా ఇంట్లో మగవాళ్ళ గొంతులు నమూనాగా పెట్టి, డబ్బు కట్టాడు. దరువులో రెండు పాదాలు టైపు చేస్తే గొంతు వచ్చింది. నిండుగా, గంభీరంగా ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది.

మా మేనత్తకి 86 ఏళ్ళు. ఆవిడకి వినిపించాం. మొదటిసారి కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ పెట్టమంది. రెండోసారి విన్నాక, "ఇది మా తాత గొంతు కాదురా బాబూ. సినిమాలో దేముడు మాటాడినట్టుంది" అంది. ఆవిడ కూడా ఆయన్ని చూడలేదు. ఆవిడ పుట్టేసరికే ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. ఎలా చెప్పగలవత్తా అంటే, "మా నాన్న ఆయన లాగ పాడి చూపించేవాడు కదా" అంది. మా తాతకి తండ్రి పోయేనాటికి ఆరేళ్ళు.

ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు. గ్రామఫోన్ రాకముందు బతికిన మనిషి గొంతు గురించి మనం నిజంగా ఏం తెలుసుకోగలం? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుణుపురం_అమ్మాయి (గుణుపురం) | ఆదివారం, రాత్రి 10:15

అంకుల్, ఈజిప్టులో ఇలాంటిది చేశారు! నెస్యామున్ అని 3,000 ఏళ్ళ నాటి పూజారి. ఆయన మమ్మీ ఇంగ్లండులో లీడ్స్ మ్యూజియంలో ఉంది. సీటీ స్కాన్ తీసి, గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న దారిని 3డి ప్రింటర్‌లో అచ్చు పోసి, దానికి కృత్రిమ స్వరపేటిక తగిలించి ఊదించారు. 2020 జనవరిలో ఆ శబ్దం బయటికి వచ్చింది. నేను విన్నాను. 'ఎ'కీ 'యా'కీ మధ్య ఒక్క కూత, క్షణం పాటు. ఆయన పేరు పక్కన 'నిజం పలికినవాడు' అని బిరుదు చెక్కి ఉందట. అది చదివి నాకు ఏడుపొచ్చింది.

బరంపురం_చెవి (బరంపురం) | సోమవారం, ఉదయం 7:05

నేను పాతికేళ్ళుగా చెవి-ముక్కు-గొంతు విభాగంలో వినికిడి పరీక్షలు చేస్తున్నాను. అమ్మాయి చెప్పింది నిజమే. కానీ ఆ ప్రయోగం ఎంతవరకు చెప్పగలదో కూడా చూడాలి.

మన గొంతులో రెండు సంగతులున్నాయి. స్వరతంత్రుల పొడవు, మందం, బిగువు బట్టి శ్రుతి వస్తుంది. మగవాళ్ళకి మామూలు మాటలో సెకనుకి 120 కంపనాల దగ్గర, ఆడవాళ్ళకి 200 దాటి ఉంటుంది. ఆ పైన గొంతు, నోరు, ముక్కు కలిసిన గొట్టం ఆకారం బట్టి 'ఇది ఫలానావాడి గొంతు' అని గుర్తుపట్టే రంగు వస్తుంది. ఆ మమ్మీలో రెండోదే దొరికింది. అదీ పూర్తిగా కాదు, నాలుక ఎండి చిక్కిపోయింది. పైగా శవపేటికలో వెల్లకిలా పడుకున్న భంగిమలో గొట్టం ఎలా ఉందో ఆ ఒక్క శబ్దమే వస్తుంది. ఆయన ఎంత వేగంగా మాట్లాడేవాడో, ఎక్కడ గొంతు పెంచేవాడో అందులో లేదు.

స్వరతంత్రులు మెత్తటి కండ. అవి మిగలవు. నాలుక కింద హయాయిడ్ అనే గుర్రపు లాడం ఆకారపు చిన్న ఎముక ఒకటుంది, అది మిగలొచ్చు. ఇజ్రాయెల్‌లో కెబారా గుహలో 1983లో సుమారు 60,000 ఏళ్ళ నాటి నియాండర్తల్ మనిషి హయాయిడ్ దొరికింది, మన ఎముకలాగే ఉంది. దాన్ని బట్టి వాళ్ళు మాట్లాడగలిగి ఉండొచ్చని వాదించారే గానీ, ఏ ఒక్కడి గొంతూ చెప్పలేకపోయారు.

మహేంద్రతనయగారూ, మీ ముత్తాతగారి విషయంలో ఆ దారి మొదటే మూసుకుపోయింది. మనం దహనం చేస్తాం. ఎముకల్ని కూడా ఏట్లో కలిపేస్తాం.

జయపురం_రికార్డులు (జయపురం) | సోమవారం, ఉదయం 11:30

నేను పాత గ్రామఫోన్ ప్లేట్లు పోగుచేస్తాను. ఎక్కడి నుంచి శబ్దం నిలిచిందో ముందు గీత గీసుకుందాం.

ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877. దానికి ఇరవై ఏళ్ళ ముందే, 1857లో, పారిస్‌లో ఎదువార్ లియోన్ స్కాట్ అనే అచ్చుపని ఆయన ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. దీపం మసి పట్టించిన కాగితం మీద శబ్దం అలల్ని ఒక ముల్లు గీస్తుంది. ఆ గీతల్ని కళ్ళతో చదవాలన్నది ఆయన ఉద్దేశం. తిరిగి వినిపించడం ఆయన ఊహలోనే లేదు. 1860 ఏప్రిల్ 9న గీసిన ఒక కాగితాన్ని 2008లో అమెరికాలో కంప్యూటర్‌తో శబ్దంగా మార్చారు. ఒక ఫ్రెంచి జానపద పాట ముక్క. చిన్నపిల్లో, ఆడమనిషో పాడినట్టు వినబడింది. పేపర్లన్నీ అలాగే రాశాయి. మరుసటి ఏడు తేలింది, రెండింతల వేగంతో వినిపించారని. వేగం సరిచేస్తే అది మగ గొంతు, నెమ్మదిగా పాడుతోంది. బహుశా స్కాటే. చేతిలో అసలు గీతలున్నా ఆడో మగో పొరపాటు పడ్డారు. ఏమీ లేకుండా ఆ యాప్ ఏం చెబుతుంది?

శబ్దంగా మిగిలినవాళ్ళలో అందరికంటే ముందు పుట్టినవాడు జర్మన్ సేనాని మొల్ట్కే. పుట్టింది 1800లో, గొంతు పట్టింది 1889లో. మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ మొదటి ప్లేట్లు 1902 నవంబరులో కలకత్తాలో తీసింది. గౌహర్ జాన్ పాడి, చివర్లో ఇంగ్లీషులో తన పేరు చెప్పుకుంటుంది. మీ ముత్తాతగారు ఇంకో ఆరేళ్ళు బతికి, కలకత్తా దాకా వెళ్ళి ఉంటే... అనుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

ఇంకొకటి. లింకన్ 1865లో పోయాడు. అంత పొడుగు మనిషి కదా అని సినిమాల్లో ఆయనకి గంభీరమైన గొంతు పెట్టేవారు. ఆయన ఉపన్యాసాలు విన్నవాళ్ళు రాసింది వేరు. సన్నగా, కీచుగా ఉండేదట, అందుకే గుంపులో చివరివాడిదాకా వెళ్ళేదట. కాబట్టి మీ మేనత్తగారిని ఒక్క మాట అడగండి. ఆయన గొంతుని మీ ఇంట్లో ఏమనేవారు? కంచు గొంతా? బొంగురు గొంతా? కోకిల గొంతా? ఇంట్లో ఎలా అనేవారో అచ్చంగా ఆ పదమే కావాలి.

వంశధార (కాశీనగరం దగ్గర పల్లె) | సోమవారం, మధ్యాహ్నం 2:10

మాది కుమ్మరి ఇల్లు. సారె మీద కుండ తిరుగుతుంటే వేలు గీసే గీతలో దగ్గర మాట్లాడే మనిషి శబ్దం కూడా పడుతుందనీ, పాత కుండల్లో మాటలు దాగి ఉంటాయనీ వీడియోలో చూశాను. నిజమా సార్?

బరంపురం_చెవి | సోమవారం, సాయంత్రం 6:20

ఆ ఆలోచన 1969లో ఒక అమెరికన్ ఒక సాంకేతిక పత్రికకి రాసిన ఉత్తరం వల్ల పాకింది. ఆ తర్వాత చాలామంది ప్రయత్నించారు. ఏ పాత కుండలోంచీ ఎవరూ మాట వినిపించలేదు. మాట వల్ల గాలిలో వచ్చే ఒత్తిడి తేడా చాలా చిన్నది. తడి మట్టి మీద వేలిని కదిలించే బలం దానికి లేదు.

వంశధార | సోమవారం, సాయంత్రం 6:45

నాకూ అలాగే అనిపించింది సార్. మా పని తెలిసినవాడు ఇంకో మాట కూడా చెబుతాడు. సారె మీద నుంచి దించాక కుండని అలాగే వదలం. లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి పొట్ట పెంచుతాం. వేలి గీతలు అప్పుడే చెరిగిపోతాయి. మా నాయన కుండ తట్టిన చప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పక్క ఇంట్లో ఎవరు తడుతున్నారో చూడకుండా చెప్పేవాళ్ళం.

కాశీనగరం_మాస్టారు (కాశీనగరం) | సోమవారం, రాత్రి 8:30

నేను తెలుగు చెప్పి రిటైర్ అయినవాడిని. మీరంతా యంత్రాల వైపు వెళ్ళారు. నాకు ఆ పుస్తకం మీద మనసుంది.

గొంతు పోయినా పలుకు అంత తేలిగ్గా పోదు. రేనాటి చోళుల శాసనాల్లో, అంటే ఆరో శతాబ్దం చివర నుంచి, ఴ అనే అక్షరం కనబడుతుంది. తమిళులు ఇప్పటికీ పలికే ధ్వని అది. తర్వాతి కాలంలో ఆ అక్షరం ఉండవలసిన చోట డ, ళ కనబడతాయి. నోటిలో ధ్వని పోయింది కాబట్టి రాతలో అక్షరం పోయింది. బండి ఱ కూడా అంతే. పాత కవులు ప్రాసలో ర, ఱ కలపలేదు. కలిపిన పద్యాలు కనబడ్డాయంటే చెవికి తేడా తెలియడం మానేసిందన్నమాట.

చైనావాళ్ళు 601లోనే ప్రాసల నిఘంటువు రాసుకున్నారు. దాన్ని పట్టుకుని పాత చైనీసు ఉచ్చారణ కూర్చుతున్నారు. వేదం ఎలా పలకాలో చెప్పే మన ప్రాతిశాఖ్యాలు నాలుక ఎక్కడ తగలాలో, నోరు ఎంత తెరవాలో వర్ణిస్తాయి. పాణిని అష్టాధ్యాయిలో ఆఖరి సూత్రం రెండే రెండు అక్షరాలు: 'అ అ'. వ్యాకరణం సౌకర్యం కోసం ఇంతవరకు హ్రస్వ అకారాన్ని తెరిచిన ధ్వనిగా లెక్కపెట్టాం, నోట్లో అది మూసిన ధ్వనే సుమా, అని అర్థం. దాదాపు 4,000 సూత్రాలు చెప్పి, చివరికి నోటి దగ్గరికి తిరిగి వచ్చాడు. ఆ సూత్రం క్లాసులో చెప్పిన ప్రతిసారీ ఆయన నా ముందు కూర్చుని పలికినట్టే ఉండేది.

బాబూ, ముత్తాతగారి పుస్తకంలో తప్పులున్నాయా? బాగా చదువుకున్నవాడు శుద్ధంగా రాస్తాడు, అందులో గొంతు దొరకదు. చెవితో రాసుకున్నవాడు తన నోటినే కాగితం మీద పెడతాడు. ఏమీ సరిదిద్దకుండా ఓ పాతిక మాటలు ఇక్కడ పెట్టు.

మహేంద్రతనయ | మంగళవారం, రాత్రి 9:55

మాస్టారూ, మీరు చెప్పినట్టే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. సెలియ, సెప్పవె, సందమామ (కానీ 'చారు', 'చరణ' మాత్రం చ తోనే ఉన్నాయి). వొచ్చెను, వొల్లను, యెవ్వరు, యేటికె. కల్లు (అర్థం బట్టి చూస్తే కళ్ళు), నీల్లు, వాకిల్లు. గోపాలుడు ఒక చోట గోపాళుడు. ప్రానము, వేనువు. సత్తెబామ, బయము. ఒక దరువులో 'వేగిరమె' అన్న మాట 'వేగిరమే ఏ ఏ' అని మూడు సార్లు సాగదీసి రాశారు.

జయపురం అన్నా, మీరడిగింది కూడా కనుక్కున్నాను. మా మేనత్త వెంటనే చెప్పింది. ఊళ్ళో ఆయన్ని 'జీరభామ' అనేవారట! గొంతులో జీర ఉండేదట. యాప్ ఇచ్చిన గొంతులో జీర అన్న మాటే లేదు.

కాశీనగరం_మాస్టారు | మంగళవారం, రాత్రి 11:10

నిద్రపట్టక ఇప్పుడే రాస్తున్నాను. చాలా ఉంది ఇందులో.

తెలుగు మాటల్లో చ ని స గా పలికారు. 'చారు', 'చరణ' సంస్కృతం మాటలు, వాటిని గురువు దగ్గర నేర్చుకున్నట్టే పలికారు. అంటే ఒకే పాటలో రెండు నోళ్ళు. ఇంటి నోరు ఒకటి, గురువు నేర్పిన నోరు ఒకటి. ళ, ణ ఇంటి మాటల్లో లేవు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈనాటికీ అంతే. మరి గోపాళుడు? అక్కడ ళ ఉండకూడదు, కానీ వచ్చింది. మన పక్క ఒడియావాళ్ళు 'గోపాళ' అంటారు. పర్లాకిమిడిలో రెండు భాషల మధ్య పెరిగిన మనిషి ఆ పేరుని గుడిలోనో బజారులోనో ఒడియా నోట విన్నాడు, అలాగే పలికాడు. సత్తెబామలో ఒత్తు భ లేదు. పాటలో ఊపిరి ఒత్తు కోసం ఖర్చు చేయలేదు.

బాబూ, మీ ముత్తాత సత్యభామని ఎలా పిలిచాడో నాకు ఇప్పుడు తెలుసు. చెవిలో వినబడుతోంది.

జయపురం_రికార్డులు | బుధవారం, ఉదయం 8:00

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. మీరు విన్నది ఆ ఊరి పలుకు. ఆ కాలంలో ఆ వీధిలో పుట్టిన ఎవరైనా అలాగే పలుకుతారు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద వేల కొద్దీ ఉన్నాయి, రాగం పేరు కూడా చెక్కి ఉంది. అయినా ఆయన ఏ వరసలో పాడాడో మనకి రాలేదు. ఇవాళ మనం పాడుకునే వరసలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి. అక్షరం మిగిలింది, రాగం పేరు మిగిలింది, ఆయన గొంతు లేదు. మహేంద్రతనయగారు అడిగింది ఊరి పలుకు కాదు, ఒక్క మనిషి గొంతు.

కాశీనగరం_మాస్టారు | బుధవారం, ఉదయం 9:20

నీ మాట కొట్టిపారేయను. రాత్రి ఉద్వేగంలో ఎక్కువ చెప్పాను. పలుకు తెలిసింది, గొంతు తెలియలేదు.

సెరంగో_సిస్టర్ (సెరంగో) | బుధవారం, మధ్యాహ్నం 1:35

నేను ఇక్కడ కొండ ఊళ్ళలో నర్సుగా పనిచేస్తున్నాను. సొంత ఊరు టెక్కలి. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. సవరల దగ్గర చూసింది ఒకటి చెబుతాను.

పాత ఆచారం ఉన్న ఇళ్ళలో, మనిషి పోయాక పూనకం వచ్చే ఒక ఆడామె మధ్యలో కూర్చుంటుంది. పోయినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆమె నోటితో మాట్లాడతారు. ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుని బదులు చెబుతారు. నా పొలం ఎవరికిచ్చావు, నన్ను ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు అని పోయినవాళ్ళు అడుగుతారు. వీళ్ళు ఏడుస్తారు, పోట్లాడతారు, సముదాయిస్తారు. ఏళ్ళ తరబడి ఆ సంభాషణ నడుస్తుంది. చాలా ఊళ్ళు క్రైస్తవంలోకి వెళ్ళాక ఇది బాగా తగ్గిపోయింది. ఒక ముసలామెని అడిగాను, "అవ్వా, ఆ గొంతు మీ ఆయన గొంతులాగే ఉంటుందా?" అని. "గొంతు ఆమెదే. కానీ నన్ను అలా విసుక్కునేవాడు మా ఆయన ఒక్కడే" అంది.

మా ఊళ్ళో మా అమ్మమ్మ సోది చెప్పించుకునేది. అక్కడా అంతే. సోదెమ్మ గొంతు మారదు, పిలుపు మారుతుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1880లో పర్లాకిమిడి బడికి పంతులుగా వచ్చి, రాత లేని సవర భాషని చెవితో విని నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశారు. సవరలో గొంతు ఠక్కున బిగించి ఆపే ధ్వని ఉంది, మన తెలుగులో దానికి అక్షరమే లేదు. నాకు పదేళ్ళయినా సరిగ్గా రాలేదు. అలాంటి ధ్వనుల్ని పట్టిన మనిషికి ఈ కొండల్లో తిరిగి మలేరియా వచ్చి, క్వినైన్ వాడి వాడి చెవుడు వచ్చేసింది. నా చేతులతో మలేరియా మాత్రలు ఇచ్చినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు. ఆయన రాసుకున్న సవర మాటల్లో ఎవరో ఒక సవర మనిషి నోరు ఉంది.

రాయగడ_ఇంజనీరు (రాయగడ) | బుధవారం, రాత్రి 9:00

ఏటి అవతలికి వినబడటం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది లెక్కకి అందే విషయం.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1739లో ఫిలడెల్ఫియాలో ఒక బోధకుడు ఆరుబయట మాట్లాడుతుంటే, మాట తెలిసినంత దూరం వెనక్కి నడుస్తూ వెళ్ళి, ఆ అర్ధచంద్రంలో ఎంతమంది నిలబడగలరో లెక్కగట్టాడు. 30,000 మంది దాటింది. మైకు లేని మనిషి గొంతు బలానికి అదొక కొలత.

దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 95 ఉన్న గొంతు, 250 మీటర్ల దగ్గర 47 అవుతుంది. పగటి సందడిలో అది చాలదు. కానీ భాగవతం రాత్రి ఆట. రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి పైన వెచ్చగా ఉంటే, పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగుతుంది. నీటి మీద ఇంకా బాగా సాగుతుంది. చుట్టూ ఫ్యాను లేదు, మోటారు లేదు. కాపలావాళ్ళు విన్నారంటే నేను నమ్ముతాను. పైగా జీర ఉన్న గొంతులో పై స్థాయి శబ్దాలు ఎక్కువ, మద్దెలల మోతలో కలిసిపోకుండా విడిగా తెలుస్తుంది. యాప్ ఇచ్చిన గంభీరమైన గొంతైతే మద్దెల కిందే మునిగిపోయేది.

మహేంద్రతనయ | గురువారం, రాత్రి 10:20

మీ అందరి మాటలూ మా మేనత్తకి చదివి వినిపిస్తున్నాను. జీరభామ మద్దెలల పైన వినబడేదన్న మాట రెండుసార్లు చదివించుకుంది.

మా అమ్మాయి ఒడియా మీడియం. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తన కోసం దరువు ఒకటి ఒడియా లిపిలోకి ఎక్కించడం మొదలెట్టాను. ఒడియాలో మన ఎ, ఏ కి తేడా చూపించే అక్షరం లేదు. ప్రతి 'అ'ని వాళ్ళు 'ఒ'కి దగ్గరగా పలుకుతారు. తను చదువుతుంటే ముత్తాత పాట ఇంకెవరి పాటో అయిపోయింది. అప్పుడు మాస్టారు చెప్పిన 'అ అ' సూత్రం అర్థమైంది. ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, ఇక్కడ ఆయన ఏం పలికారు అని చూడాల్సి వచ్చింది. అలా చూస్తుంటేనే ఇంతకాలం కనబడనిది కనబడింది.

పాదాల మధ్యలో సన్నటి నిలువు గీతలున్నాయి. ఇన్నాళ్ళూ కాగితం మడత అనుకున్నాను. అదే సిరా. పాదం చివర కాదు, ఎక్కడపడితే అక్కడ, ఒక్కోచోట మాట మధ్యలో కూడా. ఇవేమిటి?

బరంపురం_చెవి | గురువారం, రాత్రి 10:50

తాళం గుర్తులేమో. దెబ్బ పడే చోట గీత పెట్టుకుంటారు. సమానమైన ఎడంతో వస్తున్నాయా చూడండి.

రాయగడ_ఇంజనీరు | గురువారం, రాత్రి 11:05

ఫోటో నాకు పంపండి. గీతకీ గీతకీ మధ్య మాత్రలు లెక్కపెడతాను. లఘువు ఒకటి, గురువు రెండు.

రాయగడ_ఇంజనీరు | శుక్రవారం, రాత్రి 9:30

మూడు దరువులు లెక్కపెట్టాను. ఎడాలు సమానంగా లేవు. 41, 38, 44, 29, 40 ఇలా ఉన్నాయి. తాళానికైతే ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకి) తగ్గ గుణకంలో రావాలి, రావట్లేదు. ఎక్కడా 46 దాటలేదు. ఎడం తక్కువైన ప్రతి చోటా అంతకుముందు ఆ సాగదీసిన 'ఏ ఏ' లాంటిది ఉంది.

బరంపురం_చెవి | శుక్రవారం, రాత్రి 9:48

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పై హద్దు ఉంది, సాగదీసిన చోట తొందరగా వస్తోంది, మాట మధ్యలో కూడా పడుతోంది. అవి ఊపిరి తీసుకునే చోట్లు. పాడేవాళ్ళు ఇప్పటికీ పెన్సిలుతో పెట్టుకుంటారు.

జయపురం అన్నా, ఒక్క మనిషిది అడిగారు కదా. ఇది ఊరిది కాదు. ఈ ఊపిరితిత్తులు ఒక్కరివే.

జయపురం_రికార్డులు | శుక్రవారం, రాత్రి 10:02

చదివాను. ఇంకేం మాట్లాడలేకపోతున్నాను.

మహేంద్రతనయ | శనివారం, రాత్రి 11:40

ఇవాళ పొద్దుట్నుంచి పుస్తకం ముందే కూర్చున్నాను. ఒకే దరువు రెండుసార్లు ఉంది. మొదటిది నాలుగో కాగితం మీద. పైన 'ధాత సంవత్సరం' అని ఉంది, అంటే 1876. జయపురం అన్న గీసిన గీతకి ఒక ఏడాది ముందు. రెండోది చివరి కాగితాల్లో, 'మన్మథ' అని ఉంది, అంటే 1895. మాటలు దాదాపు అవే. మొదటి ప్రతిలో 9 గీతలు. రెండో ప్రతిలో 16.

బరంపురం_చెవి | ఆదివారం, ఉదయం 6:30

పాతికేళ్ళు దాటాక ఊపిరి పట్టు ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది. కానీ 19 ఏళ్ళలో ఇంత తగ్గడం వయసొక్కదాని వల్ల కాదు. ఇంత దూరం నుంచి జబ్బు పేరు చెప్పడం తప్పు, చెప్పను.

కాశీనగరం_మాస్టారు | ఆదివారం, ఉదయం 7:15

ఇంకో సంగతి కూడా ఆలోచించు బాబూ. రెండో ప్రతి ఆయన ఎవరైనా కుర్రవాడికి నేర్పడానికి రాసి ఉండొచ్చు. చిన్నపిల్లవాడి ఊపిరి చిన్నది. అప్పుడు ఆ 16 గీతలు ఆయనవి కావు, ఆయన ఎదురుగా కూర్చుని పాడిన పిల్లవాడివి. మీ తాతగారికి అప్పుడు ఎన్నేళ్ళు?

మహేంద్రతనయ | ఆదివారం, మధ్యాహ్నం 12:20

అయిదు, మాస్టారూ.

గుణుపురం_అమ్మాయి | ఆదివారం, మధ్యాహ్నం 12:31

అంకుల్, అమ్మమ్మగారి చేత రెండూ పాడించండి, ప్లీజ్. ఫోన్ దగ్గర పెట్టి.

మహేంద్రతనయ | ఆదివారం, రాత్రి 8:50

పాడించాను. కరెంటు పోయిన టైమ్ చూసి పెట్టాం, ఫ్యాను చప్పుడు లేకుండా. ఆవిడకి పుస్తకం కనబడదు. మా అమ్మాయి పక్కన కూర్చుని, ఒడియా లిపిలో రాసినదాన్ని చూస్తూ, గీత వచ్చినప్పుడల్లా ఆవిడ చేయి నొక్కింది.

మొదటి ప్రతి ఆవిడ వల్ల కాలేదు. మూడో గీతకి చేరకముందే ఊపిరి అయిపోయింది. ఆగి, మంచినీళ్ళు తాగి, రెండో ప్రతి ఎత్తుకుంది. పదహారు గీతలూ ఆవిడకి సరిపోయాయి. ఏడో గీత దాటాక నా కూతురు చేయి నొక్కడం మరిచిపోయింది. అయినా మేనత్త సరిగ్గా గీత ఉన్న చోటే ఊపిరి తీసుకుంది. అయ్యాక అడిగాను. "మా నాన్న అక్కడే ఆగేవాడురా, నాకెవరూ చెప్పలేదు" అంది.

4 నిమిషాల 10 సెకన్లు వచ్చింది. మధ్యలో దగ్గు ఉంది, తీయలేదు.